నా సమక్షంలో చెల్లించడమైనది

జీతం అంటే నెల మొదట్లో ఫోన్లో టింగుమనే చప్పుడు అనుకునే వయసు మీది. తప్పేం లేదు, ఉద్యోగంలో చివరి పదేళ్లు నాకూ అంతే. కానీ హైటెక్ సిటీలో నేను పనిచేసిన ఐటీ కంపెనీ అడ్మిన్ విభాగంలో, నా బల్ల సొరుగులో, ఒక రబ్బరు ముద్ర ఉండేది. దాని మీద మూడే మాటలు. ‘నా సమక్షంలో చెల్లించడమైనది’. ఆ ముద్ర చేయించింది నేనే. దానితో నేను చేసిన ఒక వెధవ పని గురించి ఇప్పుడు చెబుతాను. రిటైరై రెండేళ్లయింది, ఇప్పుడు చెప్పడానికి నాకేం భయం?

ముందు ఆ ముద్ర ఎందుకో చెప్పాలి. మా ఆఫీసు ఊడ్చేవాళ్లు, బాత్రూములు కడిగేవాళ్లు, గేటు దగ్గర నిలబడేవాళ్లు మా ఉద్యోగులు కారు. కాంట్రాక్టరు మనుషులు. వాళ్లకు జీతాలు ఇచ్చేది కాంట్రాక్టరే అయినా, ఇస్తున్నప్పుడు మా కంపెనీ తరఫున ఒకరు పక్కన నిలబడి చూడాలి, చూశానని జీతాల రిజిస్టరులో సంతకం పెట్టాలి. చట్టం అలా అంటుంది. పాతరోజుల్లో నిజంగానే చూసేదాన్ని. సెల్లార్లో, కార్లు ఆపేచోట, ఒక బల్ల వేసేవారు. కవర్లు పంచేవారు. నేను కుర్చీ వేసుకుని ఒక పూటంతా దోమలతో కుట్టించుకునేదాన్ని. తర్వాత జీతాలు బ్యాంకు ఖాతాల్లో పడటం మొదలైంది. బల్ల పోయింది, కవర్లు పోయాయి, నా కుర్చీ కూడా పోయింది. సంతకం మాత్రం మిగిలింది. నెలనెలా కాంట్రాక్టరు మనిషి రిజిస్టరూ, బ్యాంకు కాగితాల కట్టా తెచ్చేవాడు. కట్టలో పేరుపేరునా ‘చెల్లించబడింది’ అని ఉండేది. నేను టీ తాగుతూ పేజీకొక ముద్ర కొట్టేదాన్ని. పనివాళ్లు సంతకాలు పెట్టకముందే నా ముద్ర పడిపోయేది. వాళ్లు తర్వాత తీరిగ్గా పెట్టేవారు.

అంతకుముందు ఆ ముద్ర ఇంగ్లిషులో ఉండేది. పనివాళ్లు సంతకం పెట్టే కాగితం మీద వాళ్లకు రాని భాష ఏమిటని పట్టుబట్టి తెలుగులో చేయించాను. మాటల పిచ్చి నాకు మా నాన్న దగ్గర అంటింది. ఆయన ఏలూరులో రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసేవారు. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎకరం పొలం అటూ ఇటూ అవుతుందని ఆయన భయం. ఆ భయమే నా దగ్గరికొచ్చేసరికి గొప్పలు చెప్పుకోవడంగా మారింది.

మా ఫైనాన్సు ఆఫీసరు తమిళుడు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉండి తెలుగు బాగా మాట్లాడేవాడు. కొత్త ముద్ర చూసి ఒకరోజు క్యాంటీన్లో అడిగాడు.

“ఏమండీ, డబ్బులు ఇచ్చాం అంటే సరిపోదా? కట్టాం అని కూడా అంటారు కదా. ఈ చెల్లించడం ఏంటి?”

ఇక నన్ను ఆపేదెవరు? అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మొదలుపెట్టాను. “చెల్లించు అనే మాట చెల్లు నుంచి వచ్చిందండీ. చెల్లడం అంటే సాగడం, అవతలివాళ్ల దగ్గర పనికి రావడం. చెల్లని రూపాయి అంటాం చూడండి. కాలం చెల్లింది అంటాం, గడిచిపోయిందని. అప్పు తీరిపోయాక చెల్లుచీటీ రాయించుకుంటాం. ఎవరూ చేయలేని పని ఒకాయన చేస్తే ఆయనకే చెల్లింది అంటాం. మొక్కు కూడా చెల్లిస్తాం, ఇవ్వం. కొండదాకా మనమే వెళ్లి, గుండు కొట్టించుకుంటేనే అది చెల్లేది.”

అతను సాంబారు కలుపుకుంటూ ఆగిపోయాడు. “మా తమిళంలో సెల్ అంటే వెళ్లు అని. రెండూ ఒకటే అయ్యుంటాయి.”

“అయ్యుంటాయేమిటి, ఒకటే! అంటే చెల్లించడమంటే అసలు అర్థం వెళ్లేలా చేయడం. చేరాల్సిన చోటికి చేర్చడం. మా నాన్న అనేవారు, రూపాయి ఇచ్చేది మన చెయ్యే కానీ అది చెల్లిందో లేదో చెప్పాల్సింది అవతలి చెయ్యి అని.”

ఆ మధ్యాహ్నమంతా నా మీద నాకే ముచ్చటేసింది. మర్నాడు నోటీసు బోర్డు మీద ‘ఈ వారం మాట’ అని చెప్పి ఇదంతా రాసి అంటించాను కూడా. అర్థం ఇంత బాగా తెలిసిన మనిషిని మా బిల్డింగులో నేనొక్కదాన్నే. అది గుర్తుపెట్టుకోండి.

మా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు ఆ నోటీసు చదవలేదు. ఆమెకు అక్షరాలు కూడబలుక్కునేంతే వచ్చు. వికారాబాద్ వైపు మనిషి, యాభై దాటింది, గొంతు విప్పితే మూడో అంతస్తు మాట ఐదో అంతస్తులో వినిపించేది. ఆమెకొక అలవాటు ఉండేది. జీతాలు పడ్డ రోజు చేతిలో ఒక గళ్ల నోట్‌బుక్ పట్టుకుని అంతస్తు అంతస్తూ తిరిగేది. ఒక్కొక్కరి ముందు ఆగి “ముట్టిందా?” అనేది. వాళ్లు ఫోన్ తీసి చూసుకుని “ముట్టింది” అని నోటితో అనాలి. తల ఊపితే ఒప్పుకునేది కాదు. అన్నాక గడిలో ఒక టిక్కు పెట్టేది.

“ఎందుకమ్మా ఇంకా ఈ తిరుగుడు? బ్యాంకులో పడతాయి కదా, నీ మోకాళ్లు అరిగిపోతాయి” అన్నాను ఒకసారి.

“పడుడు వేరు మేడం, ముట్టుడు వేరు. మా నాయిన మేస్త్రి. మట్టిపనికి పోయినోళ్లకు కూలి పంచి, నోటితోని ముట్టిందని అనిపిచ్చుకున్నంకనే బువ్వ తింటుండె. గదే అలవాటయింది నాకు.”

మా నాన్న బల్ల వేసుకున్న ఆఫీసులో రిజిస్ట్రారు గారు కూడా అంతే కదా, అమ్మినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి సొమ్ము ముట్టిందా అని అడిగించేవారు. నాకు అది గుర్తొచ్చి నవ్వుకున్నాను. నవ్వుకుని, ముద్ర తీసి కొట్టుకున్నాను. అంతకుమించి ఆలోచిస్తే ఈ కథ ఉండేది కాదు.

ఆమె మోకాళ్లు నిజంగానే అరిగాయి. ఆపరేషన్ కోసం రెండు నెలలకు పైగా సెలవు పెట్టింది. ఆ రెండు నెలలూ నోట్‌బుక్ తిరగలేదు. ఎవరికీ లోటు అనిపించలేదు.

ఐదో అంతస్తులో పనిచేసే ఒకామె మొదటి నెల నా దగ్గరికి వచ్చింది. నారాయణపేట వైపు నుంచి భార్యాభర్తలు వచ్చి మదీనాగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. భర్తది సెంట్రింగు పని, ఉంటే ఉంది లేకపోతే లేదు. ముప్పై ఏళ్లుంటాయేమో, మాట తక్కువ. నా బల్ల ముందు నిలబడి, నేను తలెత్తేదాకా ఆగింది.

“మేడం, నాకు పైసలు రాలే.”

కట్ట తీసి చూశాను. పేరుంది, మొత్తం ఉంది, చెల్లించబడింది అని ఉంది. “వచ్చాయమ్మా, ఇదిగో చూడు. రెండు రోజులు ఆగు, పడతాయి” అని పంపేశాను.

రెండో నెలా అదే మాట. ఈసారి రిజిస్టరులో సంతకం పెట్టనంది. ఒక్క సంతకం తక్కువైతే రిజిస్టరు పూర్తికాదు. రిజిస్టరు పూర్తికాకపోతే కాంట్రాక్టరు బిల్లు ఆగిపోతుంది. కాంట్రాక్టరు మనిషి పరుగున వచ్చాడు. ఊపిరి తీసుకోకుండా వేగంగా మాట్లాడే రకం, ఎప్పుడూ నవ్వుముఖం.

“ఫికర్ చేయకండి మేడం. గిసొంటోళ్లను మస్తు మందిని చూసిన. ఇంకో ఖాతా ఉంటది, అందులో పడి ఉంటయ్. మొగుడు తీసుకుంటడు, ఈమెకు తెల్వదు. లేకుంటే డబల్ కొట్టేద్దామని. గేట్ పాస్ క్యాన్సిల్ చేయించండి, రేపటికల్లా ఇంకో మనిషిని పెడ్త.”

అతని మాట నాకు సబబుగా తోచింది. ఎందుకంటే ఆ పేజీ మీద నా ముద్ర అప్పటికే పడి ఉంది. ఆమె చెప్పేది నిజమైతే నేను రాసింది అబద్ధమవుతుంది. ఈ ముక్క అప్పుడు నాకు ఇంత స్పష్టంగా తెలియదు, కోపం మాత్రం వచ్చింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకి, జనమంతా కార్డులు గీకి లోపలికి వెళ్లే వేళ, ఆమె కింద లాబీలో నాకు ఎదురొచ్చింది.

“మేడం, బ్యాంకుకు పోయిన. రాలేదన్నరు.”

“కాగితం ఏది?”

“కాగితం ఇయ్యలే.”

“చూడమ్మా, నేను సంతకం పెట్టాను. నీకు చెల్లించారని ముద్ర వేశాను. అంటే నేను అబద్ధమాడుతున్నానా? రెండుసార్లు తీసుకుందామని ఎవరు నేర్పారు నీకు?”

నా గొంతు పెద్దది. లాబీలో అందరూ ఆగారు. సెక్యూరిటీ వాళ్లు, ఆమెతో పనిచేసే ఆడవాళ్లు, చేతుల్లో కాఫీ కప్పులతో మా ఇంజనీర్లు. ఆమె తల దించుకోలేదు. నన్నే చూస్తూ మెల్లగా అడిగింది.

“మీ ముంగట ఇచ్చిన్రా మేడం? ఎవలకిచ్చిన్రు? మీరు సూసిన్రా?”

జవాబు లేనప్పుడు నాలాంటివాళ్లు ఏం చేస్తారో అదే చేశాను. గేట్ పాస్ రద్దు కాగితం తెప్పించి అక్కడే, కౌంటరు మీద పెట్టి సంతకం చేశాను. ఆమె మెడలోని కార్డు తీసింది. ఏప్రన్ విప్పి, అంచులు కలిపి చక్కగా మడతపెట్టి, కార్డు దాని మీద ఉంచి వెళ్లిపోయింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పదకొండు రోజుల తర్వాత సూపర్‌వైజరు చేతికర్ర పట్టుకుని వచ్చింది. వచ్చినరోజే అంతస్తులన్నీ లిఫ్టులో తిరిగి, నోట్‌బుక్కుతో నా గదిలోకి వచ్చి, కూర్చోమనకుండానే కూర్చుంది.

“రెండు నెలలయి ఒక్కపాలే అడిగిన మేడం. అందరు ముట్టినయన్నరు. ఐదో ఫ్లోరామె గళ్లు రెండు ఖాళీగున్నయ్. ఏది ఆమె?”

చెప్పాను. నాకు అనుకూలంగానే చెప్పాను. ఆమె అంతా విని నోట్‌బుక్ మూసింది.

“ఆమె అబద్ధమాడదు. నిరుడు ఓటీ పైసలు రెండుమాట్ల పడితే ఆమెనే వచ్చి చెప్పింది, ఎక్కువొచ్చినయక్కా, వాపస్ ఇస్తనని. కాంట్రాక్టరోళ్లకు సోయే లేదు. నేనే ఇప్పిచ్చిన. మీదాక రాలే గంతే.”

అయినా అన్నాను, “బ్యాంకు కాగితంలో డబ్బు వెళ్లినట్టు ఉంది కదమ్మా.”

“పోయినయంటున్నరు. మంచిది. యాడికి పోయినయో అడుగుర్రి మరి. గాలిల కలిసిపోవు కద పైసలు.”

సెల్ అంటే వెళ్లు అని సాంబారన్నం ముందు కూర్చుని చెప్పిన మనిషికి ఫోన్ చేశాను. ఎక్కడికి వెళ్లిందో కనుక్కోండి అన్నాను. అతను కాంట్రాక్టరు నుంచి మొత్తం ఖాతా వివరాలు తెప్పించాడు, మాకు ఎప్పుడూ ఇచ్చే పేజీలు కాదు, అన్నీ. మాకిచ్చే కట్టలో బయటికి వెళ్లిన మొత్తాలే ఉండేవి. తిరిగొచ్చినవి వేరే పేజీలో ఉంటాయి. ఆ పేజీ మేము ఎన్నడూ అడగలేదు, వాళ్లు ఎన్నడూ ఇవ్వలేదు. సాయంత్రం నాలుగింటికి అతను కాగితం తెచ్చి నా ముందు పెట్టి, ఒక వరుస మీద వేలుంచాడు.

“ఆమె ఊరి బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయిందండీ. బ్రాంచి కోడు మారింది, వీళ్లు పాతదానికే పంపారు. వెళ్లిన రెండో రోజే వెనక్కి వచ్చేసింది. రెండు నెలలూ. కాంట్రాక్టరు ఖాతాలోనే ఉంది, కదల్లేదు.”

కాంట్రాక్టరు మనిషి అదే నవ్వుముఖంతో “అరే, నేను సూసుకోలే మేడం” అన్నాడు. చూసుకున్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అతణ్ణి తిట్టడానికి నోరు తెరిచి మూసేశాను. చూసుకోకపోవడం నేరమైతే అతను ముద్ర కొట్టలేదు, నేను కొట్టాను. ఆ రాత్రి నా మనసుకు వచ్చిన లెక్క ఒకటే. ఇన్నేళ్లలో నేను అలా కొట్టిన పేజీలెన్ని? వాటిలో రెండో రోజున వెనక్కి వచ్చేసినవెన్ని? నోరెత్తలేక వెళ్లిపోయినవాళ్లెందరు? ఆ సంఖ్య నాకు ఎన్నటికీ దొరకదు.

మర్నాడు కాంట్రాక్టరు చేత కొత్త కోడుకు డబ్బు పంపించి, సూపర్‌వైజరును వెంటబెట్టుకుని మదీనాగూడ వెళ్లాను. గదికి వేరే తాళం ఉంది. రెండు నెలల కిరాయి బాకీ పడితే ఖాళీ చేయించారని పక్కగది ఆమె చెప్పింది. తెల్లాపూర్లో ఏదో గేటెడ్ కమ్యూనిటీలో ఊడ్చే పనికి కుదిరిందట, అక్కడే రేకుల షెడ్డులో ఉంటున్నారట. మూడు గేట్లు తిరిగి అడిగాక నాలుగో చోట దొరికింది. విల్లాల మధ్య రోడ్డు మీద పొడుగు చీపురుతో ఉంది. సూపర్‌వైజరును చూసి నవ్వింది. నన్ను చూసి నవ్వు ఆపేసింది.

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తప్పు మాదేనని, డబ్బు వెనక్కి వచ్చిందని, పొద్దున్నే మళ్లీ పంపించామని, ఫోన్ చూసుకోమని. ఆమె చీపురు గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసి చూసింది.

“పడ్డయ్” అంది.

“ముట్టినయా?” సూపర్‌వైజరు నోట్‌బుక్ తెరిచింది.

“పడ్డయక్కా.”

“ముట్టినయను మరి. టిక్కు పెట్టాలె.”

ఆమె అనలేదు. నా వైపు తిరిగింది. “మేడం, మీరు గంత మందిల నన్ను దొంగను చేసిన్రు. మా తోటోళ్లంత ఉండె గాడ. ఇప్పుడు తప్పయిందంటున్నరు. ఈడ ఎవలున్నరు?”

ఆ రోడ్డు మీద మేం ముగ్గురమే ఉన్నాం. నిజం చెబుతున్నాను, ముందు నాకు కోపమే వచ్చింది. ఇంత దూరం వచ్చి, ఎండలో మూడు గేట్లు తిరిగి, నా వయసుకు క్షమించమని అడిగితే ఇదా జవాబు అని. సూపర్‌వైజరు నన్నే చూస్తోంది. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడింది, నోట్‌బుక్ చంకలో పెట్టుకుని. ఆ చూపు కింద నా కోపం ఎంతోసేపు నిలవలేదు.

“నీకు సెలవెప్పుడు?” అని అడిగాను.

“సోమవారం.”

సోమవారం తొమ్మిదిన్నరకు ఆమె వచ్చింది. మంచి చీర కట్టుకుంది. విజిటర్ కార్డు నేనే రాసిచ్చాను. పాత పాస్ రద్దు చేసిన అదే కౌంటరు పక్కన నిలబెట్టాను. సూపర్‌వైజరు తన మనుషులందర్నీ కిందకి పిలిచింది. సెక్యూరిటీ వాళ్లు ఉన్నారు. లోపలికి వెళ్లే ఇంజనీర్లు ఏదో పుట్టినరోజు అనుకుని ఆగారు.

నా గొంతు పెద్దదని చెప్పాను కదా. ఆ రోజు అది రాలేదు. రెండుసార్లు దగ్గాను.

“ఈమెకు రెండు నెలల జీతం అందలేదు. అందలేదని నాతో చెప్పింది. నేను వినకుండా, ఇక్కడే, మీ అందరి ముందు ఈమెను అబద్ధాలకోరు అన్నాను. ఈమె చెప్పింది నిజం. నా కళ్లెదుట చెల్లించారని నేను ముద్ర వేశాను. నేను చూడలేదు. జీతాలు బ్యాంకులో పడటం మొదలయ్యాక ఒక్క నెల కూడా చూడలేదు. అబద్ధమాడింది నేను.”

కార్డు గీకే యంత్రం ఒకసారి కీచుమంది. నేను ఆమె వైపు తిరిగి చేతులు జోడించాను. నా కళ్లు నిండాయి, దాచుకోలేదు. ఆమె నా చేతుల్ని చూసింది, చుట్టూ ఉన్న ముఖాల్ని ఒక్కొక్కటిగా చూసింది. ఐదో అంతస్తులో తనతో పనిచేసిన ఆమె దగ్గర చూపు కాసేపు ఆగింది. ఆ పిల్ల ఏడుస్తోంది.

సూపర్‌వైజరు కర్ర చంకన పెట్టుకుని, నోట్‌బుక్ తెరిచి, పెన్ను మూత పళ్లతో తీసింది.

“ముట్టిందా?”

“ముట్టిందక్కా.”

రెండు ఖాళీ గళ్లలో రెండు టిక్కులు పడ్డాయి. పని మళ్లీ ఇస్తాను, ఇవాళే చేరమని నేను అన్నాను. వద్దంది. తెల్లాపూర్లో పని బాగానే ఉందట. బస్సుకు టైమైతుందని చెప్పి, విజిటర్ కార్డు మెడలోంచి తీసి, ఈసారి నా చేతికే ఇచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి నెలా జీతాలు పడ్డ రోజు సెల్లార్లో నా కుర్చీ మళ్లీ పడింది. సూపర్‌వైజరు పక్కన స్టూలు మీద కూర్చుని అడిగేది, నేను ఒక్కొక్కరి నోటివంకే చూస్తూ వినేదాన్ని. అందరూ అన్నాకే ముద్ర తీసేదాన్ని. దోమలు మాత్రం పాతరోజుల్లో ఉన్నన్నే ఉన్నాయి.